పడిపోయే ఎంసీబీ, పడని ఎంసీబీ: గీజరు, ఏసీల వైరింగ్‌లో అసలు ప్రమాదం ఎక్కడ?

డిసెంబరు ఉదయం. బాత్‌రూమ్‌లో గీజరు వేసి ఉంది. వంటింట్లో ఇండక్షన్ స్టవ్ మీద పాలు కాగుతున్నాయి. హాల్లో పిల్లల యూనిఫాం ఇస్త్రీ అవుతోంది. టప్‌మని శబ్దం. సగం ఇల్లు ఆగిపోతుంది. బోర్డు దగ్గరికి వెళ్లి ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్) పైకి లేపితే పది నిమిషాలకు మళ్లీ పడిపోతుంది. నాలుగు రోజులు ఇదే తంతు నడిచాక ఎలక్ట్రీషియన్ వచ్చి, 16 ఆంపియర్ల ఎంసీబీ తీసేసి 32ది బిగిస్తాడు. ఇక పడదంటాడు. నిజంగానే పడదు.

అక్కడ మారింది ఎంసీబీ ఒక్కటే. గోడలో వైరు అదే, సాకెట్టు అదే, జాయింట్లు అవే. వైరు తట్టుకోలేనంత కరెంటు పోతుంటే ఆపడానికి ఒక కాపలాదారుడు ఉండేవాడు, ఇప్పుడు అతనికి నిద్రమాత్ర వేశారు.

ఇది ఎంసీబీలతో వచ్చిన అలవాటు కాదు. పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు ఉన్న రోజుల్లోనూ ఫ్యూజు పోతే పాత వైరులోంచి రెండు మూడు రాగి పోగులు లాగి చుట్టేసేవాళ్లు. ఒక పోగు సరిపోకపోతే నాలుగు. ఫ్యూజు ఎందుకు పోయిందన్న ప్రశ్న అప్పుడూ ఎవరూ వేయలేదు. పెట్టె మారింది గానీ ఆలోచన మారలేదు.

ఉదయం ఆ మూడు వస్తువులూ కలిసి ఎంత తీసుకున్నాయో చూస్తే ఎంసీబీ తప్పేమీ లేదని తెలుస్తుంది. గీజరు 2000 వాట్లు, ఇండక్షన్ స్టవ్ 1800, ఇస్త్రీ పెట్టె 1000. మొత్తం 4800 వాట్లు. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 21 ఆంపియర్లు. 16 మీద 21 అంటే ముప్ఫై శాతం ఎక్కువ. ఎంసీబీ లోపల రెండు లోహాలు అతికించిన ఒక పట్టీ ఉంటుంది. ఎక్కువ కరెంటు పోతుంటే అది మెల్లగా వేడెక్కి వంగి మీటను వదిలిస్తుంది. వెంటనే పడకుండా పది నిమిషాలు ఆగి పడటానికి కారణం అదే. షార్ట్ అయినప్పుడు రెప్పపాటులో పడేది వేరే భాగం, లోపలి అయస్కాంతపు చుట్ట. దాని పనితీరును బట్టే బీ, సీ, డీ రకాలు అంటారు. రేటింగుకు మూడు నుంచి ఐదు రెట్లలో పడేది బీ, ఐదు నుంచి పది రెట్లలో పడేది సీ, పది నుంచి ఇరవై రెట్లలో పడేది డీ. మోటారు, ఏసీ కంప్రెసరు లాంటివి స్టార్టింగులో కొన్ని రెట్ల కరెంటు లాగుతాయి కాబట్టి వాటికి సీ రకం వేస్తారు.

16 అని రాసి ఉన్న ఎంసీబీ 16 దాటగానే పడదు. ఇళ్లలో వాడే ఎంసీబీల ప్రమాణం ప్రకారం, రేటింగుకు 1.13 రెట్ల కరెంటు దగ్గర అది గంటసేపు పడకూడదు. 1.45 రెట్ల దగ్గర గంటలోపు పడి తీరాలి. అంటే 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్లను హాయిగా పోనిస్తుంది, 23ని కూడా కొంతసేపు భరిస్తుంది. 32 ఆంపియర్లదైతే 36ని రోజంతా పోనిస్తుంది, 46ని గంటదాకా సహించవచ్చు.

వైరు సంగతి చూద్దాం. గోడలో పైపులోంచి వెళ్లే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు సుమారు 14 నుంచి 16 ఆంపియర్లకు పనికొస్తుంది. 2.5 వైరు 20 దాకా, 4 వైరు 26–28 దాకా మోస్తుంది. వైరులో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 15 మోయాల్సిన వైరు 21 మోస్తే కరెంటు నలభై శాతమే పెరిగినా వేడి రెట్టింపవుతుంది. ఆ వైరుకు పైన 32 ఎంసీబీ ఉంటే ఆపేవాళ్లు లేరు. మంట వెంటనే రాదు. పీవీసీ తొడుగు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా గట్టిపడి, పెళుసుబారి, ఏదో ఒక వంపు దగ్గర పగులుతుంది. అప్పటికి ఎంసీబీ మార్చిన సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

కాబట్టి సూత్రం చిన్నదే. ఎంసీబీ లోడు కంటే పెద్దదై ఉండాలి, వైరు కంటే చిన్నదై ఉండాలి. 1.5 వైరుకు 10, 2.5 వైరుకు 16 లేదా 20, 4 వైరుకు 20 లేదా 25. ఎంసీబీ కాపాడేది వైరును. గీజరును కాదు, ఏసీని కాదు, మనిషిని అసలే కాదు. పెద్ద ఉపకరణాల గురించి వచ్చే గందరగోళంలో సగం ఈ ఒక్క మాట తెలియకపోవడం వల్లే.

స్లాబులో ఎండ

పైన చెప్పిన ఆంపియర్లు సాధారణంగా చుట్టూ 40 డిగ్రీల వేడి ఉంటుందనుకుని వేసిన లెక్కలు. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. అంటే వైరు తన సొంత వేడితో 30 డిగ్రీలు పెరగడానికి చోటుంది. అయితే మన ఇళ్లలో స్లాబు పోసేటప్పుడే పైపులు అందులో వేసేస్తారు. రెంటచింతలలోనో రామగుండంలోనో నీడలోనే 45 డిగ్రీలు దాటిన మే మధ్యాహ్నం, నేరుగా ఎండ పడే స్లాబులో ఉన్న పైపు సంగతి ఊహించుకోవచ్చు. అక్కడ 50 డిగ్రీలు ఉందనుకున్నా వైరుకు మిగిలేది 20 డిగ్రీలే. వర్గమూలం లెక్క వేస్తే ఆ వైరు మోయగల కరెంటు ఐదో వంతు దాకా తగ్గిపోతుంది. ఒకే పైపులో నాలుగైదు సర్క్యూట్ల వైర్లు కుక్కితే ఇంకా తగ్గుతుంది. ఏసీ తెరిపి లేకుండా నడిచేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఏసీకి 2.5 వైరు చాలా, 4 కావాలా అనే వాదన ప్రతి కొత్త ఇంట్లోనూ వస్తుంది. టన్నున్నర ఏసీ మామూలుగా నడిచేటప్పుడు తీసుకునేది ఏడెనిమిది ఆంపియర్లే కాబట్టి 2.5 చాలనేవాళ్ల లెక్క తప్పు కాదు. కానీ స్లాబు వేడి, డీబీ (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) నుంచి గది దాకా దూరం, పైపులో రద్దీ కలిపి చూస్తే 4 వేయించడం దుబారా కాదు. వైరు ఒకసారి గోడలోకి వెళ్లాక ముప్ఫై ఏళ్లు అక్కడే ఉంటుంది. ఏసీ పదేళ్లకోసారి మారుతుంది.

దూరం విషయంలో ఒక చిన్న లెక్క. 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజరు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. డీబీ నుంచి బాత్‌రూమ్‌కు 15 మీటర్లు ఉంటే, పోను రాను 30 మీటర్ల వైరు. పాత లైట్ల లైను లాంటి 1 స్క్వేర్ ఎంఎం వైరు మీద దాన్ని నడిపితే వైరు ఒక్కటే 90 వాట్లకు పైగా వేడిని గోడలో వదులుతుంది. అదే 4 వైరైతే 23 వాట్లు. మొదటి దాంట్లో గోడ కూడా ఒక చిన్న హీటరన్నమాట. దానికీ బిల్లు కట్టాలి.

పాత ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ త్రీ బై ట్వంటీ, సెవెన్ బై ట్వంటీ అంటూ ఉంటారు. 20 గేజి తీగలు మూడు మెలివేసినది మొదటిది, ఏడు మెలివేసినది రెండోది. 20 గేజి తీగ మందం 0.914 మిల్లీమీటర్లు కాబట్టి 3/20 అంటే 2 స్క్వేర్ ఎంఎంకి కాస్త తక్కువ, 7/20 అంటే 4.6 దగ్గర. పాత ఇంట్లో పవర్ ప్లగ్గుకు 3/20 ఉందంటే దాన్ని నేటి 2.5కు సమానం అనుకోకూడదు. అదీ రాగి అయితేనే. కొన్ని పాత ఇళ్లలో అల్యూమినియం వైర్లు ఉన్నాయి. అంతే మందమున్న అల్యూమినియం మోసే కరెంటు రాగి కంటే బాగా తక్కువ. పైగా మరలు బిగించిన చోట అది మెల్లగా నలిగి వదులవుతుంది.

కొత్త వైరు కొనేటప్పుడు మోసం ఎక్కువగా రాగి దగ్గరే జరుగుతుంది. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న పోగులు కూడా అమ్ముతారు. ఐఎస్‌ఐ గుర్తు చూడటం ఎలాగూ తప్పదు, దానితోపాటు తక్కెడ కూడా పనికొస్తుంది. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు 90 మీటర్ల కట్టలో రాగి బరువే దాదాపు 2 కిలోలు ఉండాలి, తొడుగు బరువు దానికి అదనం. కట్ట మొత్తం 2 కిలోలు తూగకపోతే అందులో రాగి తక్కువైనా ఉండాలి, మీటర్లు తక్కువైనా ఉండాలి. ఎఫ్ఆర్, ఎఫ్ఆర్‌ఎల్‌ఎస్ లాంటి అక్షరాల గురించి దుకాణాల్లో చాలా చెబుతారు. మంట అంటుకున్నప్పుడు అది తొందరగా పాకకుండా, పొగ తక్కువ వచ్చేలా చేసిన తొడుగులవి. మంచివే. కానీ వైరు మోసే కరెంటును అవి పెంచవు.

జాయింటు

ఇప్పటిదాకా చెప్పింది ఎంసీబీ చూడగలిగిన ప్రమాదం. ఇళ్లలో గీజరు, ఏసీల దగ్గర ఎక్కువగా కాలేది మాత్రం వైరు మధ్యలో కాదు, దాని చివర. సాకెట్టు వెనక మర దగ్గర, ప్లగ్ టాప్ పిన్నుల దగ్గర, గోడ పెట్టెలో టేపు చుట్టిన జాయింటు దగ్గర, ఎంసీబీ నోట్లో వైరు దూర్చిన చోట. ఈ ప్రమాదాన్ని ఎంసీబీ చూడలేదు.

ఎందుకు చూడలేదో లెక్కలోనే ఉంది. మర సరిగ్గా బిగియక, వైరు సాకెట్టు లోపల వదులుగా తగులుతోందనుకుందాం. అక్కడ అర ఓమ్ నిరోధం చేరింది. 13 ఆంపియర్లు దానిగుండా వెళితే సుమారు 84 వాట్ల వేడి పుడుతుంది. టీవీ మెకానిక్ సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ మామూలుగా 25 వాట్లు. అలాంటివి మూడు ఒక గోరంత చోట పెట్టి, గంటసేపు వదిలేసినట్టు. ఇంత జరుగుతున్నా సర్క్యూట్లో కరెంటు పెరగలేదు, అదనపు నిరోధం వల్ల కాస్త తగ్గింది కూడా. ఎంసీబీ దృష్టిలో అంతా సవ్యంగా ఉంది. 16ది పెట్టినా అది పడదు.

లూజ్ కాంటాక్ట్ తనను తాను పెంచుకునే రోగం. వేడెక్కినప్పుడు లోహం సాగుతుంది, చల్లారినప్పుడు కుంచించుకుంటుంది. ప్రతి గీజరు స్నానంతోనూ మర ఒక వెంట్రుకవాసి వదులవుతుంది. గాలి తగిలి రాగి నల్లబడుతుంది, నల్లబడితే నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి పెరుగుతుంది. సాకెట్టు లోపలి ఇత్తడి రేకులు వేడికి బిగి కోల్పోయి పిన్నును గట్టిగా పట్టుకోవడం మానేస్తాయి. చివరికి వైరు తొడుగు కరిగి, కరెంటు తెచ్చే ఫేజు, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ తాకుతాయి. అప్పుడు షార్ట్ సర్క్యూట్. మర్నాడు పేపర్లో అగ్ని ప్రమాదానికి షార్ట్ సర్క్యూటే కారణమని వస్తుంది. చాలాసార్లు అది కారణం కాదు, కథలో చివరి ఘట్టం. అసలు కథ రెండేళ్ల కిందట సరిగ్గా బిగించని ఒక మరతో మొదలై ఉంటుంది.

దీన్ని పట్టుకునే యంత్రం మామూలు ఇళ్లలో లేదు. చేతులు, కళ్లు, ముక్కు ఉన్నాయి. గీజరు ఇరవై నిమిషాలు, ఏసీ రెండు గంటలు నడిచాక స్విచ్ ఆపి, ప్లగ్ టాప్ పైభాగాన్ని చేతి వెనకవైపుతో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి పెట్టి ఉంచలేనంత వేడి ఉంటే సాకెట్టు మార్చాల్సిందే. పిన్నుల చుట్టూ గోధుమరంగు మరక, చేపలు కుళ్లినట్టు వాసన, స్విచ్ వేసినప్పుడు చిటపట, లైట్లు అప్పుడప్పుడు మినుకుమినుకుమనడం, ఇవన్నీ ఆ రోగం గుర్తులే. ప్లగ్ తీసి మళ్లీ గట్టిగా నొక్కి పెడితే కొన్నాళ్లు తగ్గినట్టుంటుంది. అది మందు కాదు.

రోజూ గంటల తరబడి నడిచే వాటికి ప్లగ్గే లేకుండా చేయడం మంచిది. గోడకు బిగించిన గీజరును ఎవరూ రోజూ ఊడదీసి ఇంకో గదికి తీసుకెళ్లరు. దాన్ని ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి తెంచే డీపీ స్విచ్‌కు నేరుగా కలిపితే, కాలిపోయే అవకాశం ఎక్కువ ఉన్న పిన్నులు మధ్యలోంచి పోతాయి. 4.5 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరుకైతే అది తప్పనిసరి. అది దాదాపు 20 ఆంపియర్లు తీసుకుంటుంది, మన పవర్ ప్లగ్గు గరిష్ఠంగా 16కు చేసినది. వైరు పోగులను ఊరికే మెలేసి మర కింద దూర్చకుండా చివర లగ్గు (చిన్న లోహపు తొడుగు) వేసి నొక్కించాలి. పైపు మధ్యలో జాయింటు ఉండకూడదు, జాయింటు ఎప్పుడూ తెరిచి చూడగలిగే పెట్టెలోనే ఉండాలి.

చిన్న ప్లగ్గులో పెద్ద ప్లగ్గు పట్టించే కన్వర్టరు గురించి ఒక మాట. మన సాకెట్లు రెండు రకాలు. చిన్నది 6 ఆంపియర్లు, పెద్దది 16. పెద్ద ప్లగ్గు చిన్న సాకెట్లో దూరకుండా పిన్నుల మందం, దూరం వేరుగా పెట్టింది కావాలనే. అంత తెలివిగా పెట్టిన అడ్డును చవగ్గా దొరికే ఒక ప్లాస్టిక్ ముక్క తీసిపారేస్తుంది. 2000 వాట్ల హీటరు రాడ్డు ఫ్యాను బోర్డులోంచి నడిచేది దాని చలవే. అన్ని రకాల పిన్నులూ పట్టే సాకెట్లది ఇంకో తంటా. అన్నిటికీ సరిపడాలి కాబట్టి దేన్నీ గట్టిగా పట్టుకోవు. మొబైల్ చార్జరుకు ఫరవాలేదు, గీజరుకు కాదు.

భారతీయ వైరింగ్ ప్రమాణాలు ఒక పవర్ సర్క్యూట్ మీద రెండు పవర్ సాకెట్లకు మించి వద్దంటాయి, లైట్లు ఫ్యాన్ల సర్క్యూట్‌కు పది పాయింట్లు, 800 వాట్లు హద్దుగా పెడతాయి. ఏసీ, గీజరు, ఓవెన్, హీటరున్న వాషింగ్ మెషీన్ దేనికది డీబీ నుంచి విడిగా రావాలి. బిల్డరు ఇచ్చిన ఇంట్లో ఈ లెక్క ఎలా ఉందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఒక ఎంసీబీ దించి, ఏయే ప్లగ్గులు ఆగిపోయాయో రాసుకుంటే సరి. వంటింట్లో అన్ని పవర్ ప్లగ్గులూ ఒకే ఎంసీబీ కింద ఉన్నట్టు తేలడం చాలా ఇళ్లలో మామూలే.

ఎర్త్ ఉంటే చాలా?

మూడో ప్రమాదం మనిషికి. గీజరు లోపలి హీటింగ్ ఎలిమెంటు రాగి గొట్టం పగిలితే కరెంటు నీళ్లలోకి, ట్యాంకుకి, నల్లా దాకా వస్తుంది. హైదరాబాద్ శివార్లలో లాగా బోరునీళ్లు ఉప్పగా ఉన్నచోట ఎలిమెంటు మీద తెల్లటి సున్నం పేరుకుంటుంది. వేడి నీళ్లలోకి పోలేక లోపలే నిలిచి గొట్టం పగులుతుంది. అందుకే ఉప్పునీళ్ల ఊళ్లలో గీజరును ఒకటి రెండేళ్లకోసారి విప్పించి సున్నం తీయించడం, లోపలి మెగ్నీషియం కడ్డీ మార్చడం కరెంటు భద్రత కిందికే వస్తాయి.

అలా బాడీకి వచ్చిన కరెంటును ఎర్త్ లాగేసుకుంటుందని, ఎంసీబీ పడిపోతుందని నమ్మకం. లెక్క వేస్తే వేరేగా ఉంటుంది. ఇంటి ఎర్త్ గుంత నిరోధం 10 ఓమ్‌లు అనుకుందాం, రాతినేలలో అది మంచి అంకె కిందే లెక్క. 230 వోల్టులు దానిగుండా వెళితే గరిష్ఠంగా 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ 23ని గంటదాకా భరించవచ్చని ముందే చూశాం. అంతసేపూ గీజరు బాడీ మీద ప్రమాదకరమైన వోల్టేజీ ఉంటుంది. గుంత ఎండిపోయి 50 ఓమ్‌లు అయితే 4.6 ఆంపియర్లే వెళతాయి. ఎంసీబీకి అది ఒక ఇస్త్రీ పెట్టె నడుస్తున్నట్టే. తడి చేయి తగిలిన మనిషి శరీరం నిరోధం వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. అప్పుడు 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు. 30 దాటితే చాలు, ప్రాణం మీదికి వస్తుంది.

మనిషిని కాపాడే పని చేసేది ఆర్‌సీసీబీ, అంటే లీకైన కరెంటును పసిగట్టి తెంచే స్విచ్. అది లోడు చూడదు. ఫేజులో ఎంత వెళ్లింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగొచ్చింది అని మాత్రమే పోలుస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా తెంచేస్తుంది. ఎర్త్ 100 ఓమ్‌లు ఉన్నా లీకేజీ కరెంటు 2.3 ఆంపియర్లు, అంటే దానికి కావలసినదానికి డెబ్బై రెట్లకు పైగా. అందుకే ఎర్త్, ఆర్‌సీసీబీ జంటగా ఉండాలి. ఎర్త్ ఉంటే ఎవరూ తాకకముందే అది పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఎవరో తాకినప్పుడు పడుతుంది. అయితే ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడు తెలియదు, దానితోపాటు ఎంసీబీ ఉండాల్సిందే. రెండూ ఒకదాంట్లోనే ఉండేది ఆర్‌సీబీఓ. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లోనే, చిన్న లోడులను మినహాయించి, ఇలాంటి లీకేజీ రక్షణ ఉండాలని ఉంది. 2023లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి.

మరి చాలా ఇళ్లలో ఆర్‌సీసీబీ ఉండీ ఎందుకు పని చేయడం లేదు? ఊరికే పడిపోతోందని బైపాస్ చేసేశారు కాబట్టి. ఊరికే అన్నదాని వెనక సాధారణంగా రెండు సంగతులుంటాయి. ఇన్వర్టర్ పెట్టినప్పుడు లైట్ల ఫేజు ఒక దారిలో వచ్చి, న్యూట్రల్ ఇంకో సర్క్యూట్‌దానితో కలిసిపోతే వెళ్లినది, వచ్చినది సరిపోవు. అది వైరింగ్ తప్పు, ఆర్‌సీసీబీ దాన్ని నిజాయితీగా చెబుతోంది. రెండోది, ఏసీ, వాషింగ్ మెషీన్, కంప్యూటర్ ఒక్కోటీ కొంచెం కొంచెం కరెంటును మామూలుగానే ఎర్త్‌లోకి వదులుతాయి. ఆర్‌సీసీబీ 15 నుంచి 30 మిల్లీ ఆంపియర్ల మధ్య ఎక్కడైనా పడవచ్చు కాబట్టి, ఇల్లంతటికీ ఒకటే పెడితే ఆ చిల్లరంతా కూడి అది పడిపోతుంది. బాత్‌రూమ్‌లకు ఒకటి, మిగతా వాటికి ఒకటి పెడితే గొడవ తగ్గుతుంది. దాని మీద ఉండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలి. నొక్కినా పడకపోతే అది అలంకారానికి ఉన్నట్టే.

ఎర్త్ బాగుందో లేదో చూడటానికి మన దగ్గర ఎక్కువమంది చేసే పని, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టడం. బల్బు వెలిగితే ఎర్త్ బ్రహ్మాండం అంటారు. బల్బు సొంత నిరోధం వెలుగుతున్నప్పుడు 529 ఓమ్‌లు. ఎర్త్ 50 ఓమ్‌లతో చెడిపోయి ఉన్నా బల్బుకు 210 వోల్టులు అందుతాయి, కంటికి మామూలుగానే వెలుగుతుంది. అంటే ఎర్త్ పూర్తిగా తెగిపోయిందో లేదో మాత్రమే బల్బు చెబుతుంది. ఎర్త్ టెస్టరుతో కొలిస్తేనే అంకె తెలుస్తుంది. నియాన్ టెస్టరు ఆ మాత్రం కూడా చెప్పదు.

నేల కూడా ఊరిని బట్టి మారుతుంది. గోదావరి డెల్టా నల్లమట్టిలో ఎప్పుడూ తేమ ఉంటుంది, అక్కడ ఒక పైపు దించితే పని అవుతుంది. తెలంగాణ గ్రానైటు నేలలో, రాయలసీమ ఎండిన ఎర్రనేలలో అదే పైపు అంతంతమాత్రం. బొగ్గు, ఉప్పు పోసి గుంత తయారుచేసినా వేసవిలో నీళ్లు పోయాలి. పెరట్లో తులసికోటకు పోసినట్టు ఎర్త్ గుంతకూ రెండు బిందెలు పోసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉండేది, అపార్టుమెంట్లలో ఆ గుంత ఎక్కడుందో వాచ్‌మన్‌కి కూడా తెలియదు.

ఎర్త్ గుంత లేనిచోట సాకెట్టు వెనక ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేసే దొంగదారి ఒకటుంది. టెస్టరు పెట్టినా, బల్బు పెట్టినా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున మాత్రం, వెలుగుతున్న ప్రతి బల్బులోంచి వచ్చిన ఫేజు నేరుగా ఫ్రిజ్ తలుపు మీదికి, వాషింగ్ మెషీన్ డబ్బా మీదికి వస్తుంది. ఎర్త్ అసలు లేకపోవడం కంటే ఇది ఘోరం.

బాత్‌రూమ్‌లో మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. గీజరు స్విచ్ బయట ఉండాలి. షవరు కింద తడిసే చోటు నుంచి కనీసం 60 సెంటీమీటర్ల లోపు సాకెట్టు ఉండకూడదు. గీజరు మీద నమ్మకం లేనప్పుడు స్విచ్ ఆపి స్నానం చేయడం ఇబ్బందే కానీ తెలివైన ఇబ్బంది. బకెట్లో హీటరు రాడ్డు వేసేవాళ్లు నీళ్లు కాగాయా అని వేలు ముంచి చూడటం ఇప్పటికీ ఉంది. స్విచ్ ఆపితే చాలదు, పాత బోర్డులో స్విచ్ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద ఉంటే ఆపినా రాడ్డులో ఫేజు ఉంటుంది. ప్లగ్గు ఊడదీశాకే వేలు.

ఇంత చేశాక సర్వీసు వైరు, మీటరు దగ్గర లోడు చూడాలి. ఒక కిలోవాట్‌కు తీసుకున్న పాత కనెక్షన్ మీద రెండు ఏసీలు, ఒక గీజరు నడుస్తుంటే స్తంభం నుంచి ఇంటికి వచ్చే వైరు, మీటరు కింది కటౌటు అవే లూజ్ కాంటాక్టుల జబ్బుతో కాలతాయి. డిస్కంలో అదనపు లోడుకు దరఖాస్తు చేసి డెవలప్‌మెంట్ చార్జీలు కట్టడం బిల్లు పెరుగుతుందన్న భయంతో చాలామంది వాయిదా వేస్తారు. స్తంభం వైపు నిప్పురవ్వలు కనిపిస్తే డిస్కం ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి, కర్రతో కదిపి చూడకూడదు.

పాత ఇల్లు మొత్తం పగలగొట్టి మళ్లీ వైరింగ్ చేయించడం అందరివల్లా కాదు, అవసరమూ లేదు. లైట్లు, ఫ్యాన్ల వైరింగ్ అలాగే ఉంచి, మెయిన్ దగ్గర చిన్న కొత్త డీబీ ఒకటి పెట్టి, గీజరుకు, ఏసీకి మాత్రం గోడ మీదుగానే పీవీసీ పైపులో కొత్త లైన్లు లాగవచ్చు. గోడ మీద పైపు కనిపిస్తుంది, అందం కాస్త తగ్గుతుంది. కొత్త ఇల్లు కట్టేవాళ్లకైతే స్లాబు పోసే ముందు రోజే అసలు రోజు. ప్రతి పడకగదికి, వంటింటికి, బాత్‌రూమ్‌కి ఒక ఖాళీ పైపు అదనంగా వేయించి, ఇనుప చువ్వల మధ్య పైపులు ఎటు పోతున్నాయో టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసి దాచుకుంటే, పదిహేనేళ్ల తర్వాత ఎలక్ట్రీషియన్ డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకొచ్చినప్పుడు ఎక్కడ గోడ తొలచకూడదో చూపించవచ్చు.